నది ఒడ్డు పార్కుల్లో అమ్మకీ, పాపకీ సరిపడే చోటు ఎలా ఎంచుకోవాలి?

అందరికీ నమస్కారం. ఈమధ్యే నది ఒడ్డున ఉన్న నగరానికి మారాం. ఒడ్డు పొడవునా పార్కులే. మోకాళ్ల నొప్పులున్న అమ్మనీ, చిన్న పాపనీ రోజూ సాయంత్రం అక్కడికి తీసుకెళ్లాలని నా కోరిక. అనుభవం ఉన్నవాళ్లు కాస్త సలహా ఇవ్వండి.

నా అసలు టెన్షన్ నడకదారి గురించే. నీళ్లకి దగ్గరగా ఉన్న దారి చల్లగా, హాయిగా ఉంటుంది. కానీ వరద తీశాక దాని మీద సన్నటి ఒండ్రు పేరుకుంటుంది. పైపొర ఎండి పగుళ్లిచ్చినట్టే కనిపిస్తుంది, అడుగేస్తే లోపలంతా జారుడే. పాచి పట్టిన మెట్ల సంగతి సరేసరి. పైన గట్టు మీది దారి గట్టిగానే ఉంది గానీ నీడ తక్కువ. పైగా అంతా సిమెంటు. మోకాళ్లకి మట్టిదారే మేలంటారు, మీ ఇంట్లో పెద్దవాళ్లకి ఏది సుఖంగా ఉంది? కూర్చుని లేవడానికి చేతులున్న బెంచీలు అన్ని పార్కుల్లోనూ ఉండవు, అది కూడా ముందే చూసుకోవాలి.

ఇక దోమలు. డెంగీ దోమ పగలు కుడుతుంది, సాయంత్రం చీకటి పడేముందు మరీ ఎక్కువ. పాపకి నిండు చేతుల బట్టలు వేస్తున్నాను. ఇంకేం చేయొచ్చు?

చివరగా ఒకటి. ఎగువన డ్యామ్ గేట్లు ఎత్తితే ఇక్కడ వాన లేకపోయినా నీటిమట్టం పెరుగుతుంది. బయల్దేరే ముందే ఆ సంగతి మీరెలా తెలుసుకుంటున్నారు?