వంగ, టమాటా పూత నిలవట్లేదు – బంబుల్ తేనెటీగలను తోటలోకి రప్పించడం ఎలా?

పాదుమడి:
అందరికీ నమస్కారం. పెరట్లో పది టమాటా మొక్కలు, ఆరు వంగ మొక్కలు, ఒక గుమ్మడి పాదు ఉన్నాయి. అన్నీ ఏపుగా పెరిగాయి, పూత కూడా విరగబూస్తోంది, కాయే నిలవడం లేదు. వంగ పూలు మూడు నాలుగు రోజులుండి కాడ పసుపుబారి రాలిపోతున్నాయి, గుమ్మడి పిందెలేమో గోలీకాయంత అయ్యాక కొస నుంచి కుళ్ళిపోతున్నాయి. తేనెటీగలు రావట్లేదా అంటే వస్తున్నాయి, పొద్దున్నే తులసి నిండా అవే, మరి ఇలా ఎందుకవుతోందో అర్థం కావట్లేదు. టమాటాకి బంబుల్ తేనెటీగలు (బొద్దుగా, బొచ్చుగా ఉండే ఒక రకం తేనెటీగలు) బాగా పనిచేస్తాయని, గ్రీన్‌హౌసుల్లో వాటి పెట్టెలు పెడతారని చదివాను. ఇంటి తోటకి అలాంటి పెట్టె ఒకటి తెచ్చుకోవచ్చా, లేదా వాటంతట అవే వచ్చేలా ఏమైనా చేయొచ్చా? ఇంట్లో చిన్నపిల్లలున్నారు, కుడతాయేమోనని కూడా కొంచెం టెన్షన్‌గా ఉంది.

నల్లతుమ్మెద:
పెట్టె ఆలోచన వదిలేయండి దయచేసి. అవి మూసిన గ్రీన్‌హౌసుల కోసం పెంచేవి, 1980ల చివర్లో యూరప్‌లో టమాటా రైతులతో మొదలైంది ఆ పద్ధతి. ఆ జాతిని చిలీకి తీసుకెళ్తే బయటికి వ్యాపించి అక్కడి సొంత బంబుల్ జాతిని దాదాపు తుడిచిపెట్టే దాకా వచ్చింది. పైగా బంబుల్ తేనెటీగలు ప్రధానంగా చల్లటి ప్రాంతాల జీవులు, ఒళ్ళంతా బొచ్చు ఉంటుంది కదా. వేడి ప్రాంతాల్లో అదే పని గండు తుమ్మెదలు చేస్తాయి, నీలి చారల చిన్న తేనెటీగలు కూడా చేస్తాయి.

మామూలు తేనెటీగలు ఉన్నా మీ వంగ ఎందుకు కాయట్లేదంటే, వంగ, టమాటా పూలలో మకరందం ఉండదు, పుప్పొడేమో గొట్టాల్లాంటి కేసరాల లోపల ఉండిపోతుంది. దాన్ని దులిపితేనే రాలుతుంది, తేనె పట్టు పెట్టే ఈగలకి ఆ దులపడం రాదు. తుమ్మెద వంగ పువ్వు మీద వాలినప్పుడు ఒకసారి దగ్గర కూర్చుని వినండి. ఎగిరేటప్పుడు బరువుగా ఝుమ్మంటుంది, పువ్వుని కాళ్ళతో పట్టుకుని వేలాడగానే ఆ శబ్దం ఒక్కసారిగా సన్నబడి పైకి లేస్తుంది. రెక్కలు ఆడవు, లోపలి కండరాలే సెకనుకి కొన్ని వందల సార్లు అదురుతాయి, పుప్పొడి దాని పొట్ట మీద పసుపు పొడిలా రాలుతుంది. టమాటాలో అయితే కేసరాల గొట్టాన్ని దవడలతో పట్టుకుంటాయి కాబట్టి తర్వాత అక్కడ గోధుమరంగు మచ్చలు కనిపిస్తాయి. మీ పూల మీద ఆ మచ్చలున్నాయేమో చూడండి, లేవంటే అలాంటి ఈగ ఏదీ వాటి మీద వాలలేదనుకోవచ్చు.

గుమ్మడిపాదు:
పైవారు చెప్పింది నిజం, కానీ రాలే ప్రతి పువ్వుకీ ఈగలు లేకపోవడమే కారణం అనుకోవద్దు. వంగలో కీలం (పువ్వు నడిమధ్య ఉండే ఆడ కాడ) పొట్టిగా, కేసరాల లోపలే దాగి ఉన్న పూలు ఎన్ని తుమ్మెదలొచ్చినా రాలిపోతాయి, కీలం బయటికి పొడుచుకొచ్చిన పూలే కాస్తాయి. టమాటా పువ్వు తనకు తానే కాయగలదు, గాలి కొంచెం ఊపినా చాలు. కాకపోతే పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా ఉక్కగా ఉంటే పుప్పొడే పాడవుతుంది, అప్పుడు ఎవరూ ఏమీ చేయలేరు.

మీ గుమ్మడి సంగతి మాత్రం కచ్చితంగా పుప్పొడి అందకపోవడం లాగే ఉంది. తెల్లవారగానే వెళ్ళి ఒక మగ పువ్వు కోసి, రేకలు తీసేసి, కింద బుల్లి పిందె ఉన్న ఆడ పువ్వు మధ్యలో మెల్లగా రాయండి. ఎండెక్కాక లాభం లేదు, పువ్వు ముడుచుకుపోతుంది.

పాదుమడి:
ఇప్పుడే టార్చి వేసుకుని చూసొచ్చాను, టమాటా పూల మీద ఒక్క మచ్చా లేదు. వంగలో మాత్రం కీలం పొడుగ్గా ఉన్న పూలే ఎక్కువ. ఇంకో విషయం చెప్పడం మరిచాను, తెల్లదోమ ఎక్కువైతే మూడు వారాల క్రితం ఇమిడాక్లోప్రిడ్ అనే పురుగుమందు మొక్కల మొదట్లో పోశాను. పూల మీద చల్లలేదు కదా, దాని వల్ల ఇబ్బంది ఉంటుందా?

నల్లతుమ్మెద:
ఉంటుందండి, అసలు ఇబ్బంది అదే అయ్యుండొచ్చు. ఆ మందు వేరు పీల్చుకుని మొక్క మొత్తానికీ పాకుతుంది, పుప్పొడిలోకీ మకరందంలోకీ కూడా చేరుతుంది. యూరోపియన్ యూనియన్ 2018లో దాన్ని ఆరుబయట పంటలకి వాడకూడదని నిషేధించింది తేనెటీగల కోసమే. ఇక పోయకండి. తెల్లదోమకి పసుపు జిగురు అట్టలు పెట్టండి, ఆకు అడుగున నీళ్ళు గట్టిగా కొట్టండి, వేపనూనె వాడినా పొద్దుగుంకాక ఈగలు వెళ్ళిపోయిన తర్వాతే చల్లండి.

తర్వాత వాటికి తిండి. వంగ పూత వచ్చే రోజుకి తుమ్మెద రావాలంటే అంతకు ముందు నెల కూడా అక్కడ దానికి ఏదో ఒకటి దొరకాలి. మునగ, కంది, జనుము దానికి ప్రాణం. మందారాల్లాంటి వాటిలో రేకల మీద రేకలుగా ఉండే ముద్ద పూలు వద్దు, ఒంటి రేకలవి పెట్టండి, ముద్ద పూలలో దానికి దొరికేది తక్కువ.

చోటు కూడా చూడండి. గండు తుమ్మెద ఎండిన కట్టెలో వేలు దూరేంత రంధ్రం తొలుచుకుంటుంది, కాబట్టి పాత దుంగ ఒకటో, లావు వెదురు బొంగులు రెండో వదిలేయండి. చల్లటి చోట ఉండేవాళ్ళు బంబుల్ తేనెటీగల కోసం ఒక మూల గడ్డి కోయకుండా వదలాలి, అవి పాత ఎలుక బొరియల్లోనూ గడ్డి దుబ్బుల కిందా గూడు పెడతాయి.

పిల్లల గురించి భయపడకండి. మొహం ముందుకొచ్చి గాలిలో నిలబడి బెదిరించేది మగ తుమ్మెద, దానికి కొండే లేదు. ఆడది కుట్టగలదు గానీ చేత్తో పట్టుకుంటేనో నలిపితేనో తప్ప కుట్టదు.

ఇంటిదూలం:
దుంగ పెట్టమంటున్నారు కానీ మా వరండా దూలానికి తుమ్మెదలు ఏడు రంధ్రాలు చేశాయి, కింద రంపపు పొట్టు పడుతుంటే చూసి కంగారుపడ్డాం. ఇంటి కలపకి ముందు రంగు వేయించుకోండి. రంగు వేసిన కట్టెని అవి అంతగా ఇష్టపడవు, మేం వేయించాక కొత్త రంధ్రం పడలేదు. పాత రంధ్రాల్లో పిల్లలుంటాయి కాబట్టి అవి బయటికి వెళ్ళాకే మూయించాం.

పాదుమడి:
రంగు ఈ వారమే వేయిస్తాను. మందు డబ్బా పక్కన పెట్టేశాను. గుమ్మడి ఆడ పువ్వులు రెండు రేపు విచ్చుకునేలా ఉన్నాయి, తెల్లవారుజామునే లేస్తాను. తుమ్మెదలొచ్చే లోపు వంగకీ టమాటాకీ నేనే ఏమైనా చేయొచ్చా?

గుమ్మడిపాదు:
చేయొచ్చు. బ్యాటరీతో నడిచే టూత్‌బ్రష్ ఉంటే దాని వెనక వైపుని పూల కాడకి రెండు మూడు సెకన్లు ఆనించండి, పువ్వుకి తగలనక్కర్లేదు. పొద్దున పది గంటల నుంచి మధ్యాహ్నం లోపు, పొడి ఎండ ఉన్నప్పుడు, రోజు విడిచి రోజు చేయండి. కింద నల్ల కాగితం పట్టుకుంటే పుప్పొడి రాలడం కంటికే కనిపిస్తుంది.