ఇంజన్ మార్చిన వోల్వో 240 వ్యాగన్: స్పార్కు ఉంది, పెట్రోలు ఉంది, అయినా అందుకోవడం లేదు

వ్యాగన్_245 (ప్రశ్న)

అందరికీ నమస్కారం. 1990 నాటి వోల్వో 240 స్టేషన్ వ్యాగన్‌ను మళ్లీ రోడ్డెక్కించే పనిలో ఉన్నాను. అసలు ఇంజన్‌లో కనెక్టింగ్ రాడ్ బేరింగు అరిగి క్రాంక్‌షాఫ్ట్ కూడా దెబ్బతినడంతో, దాన్ని దింపేసి 740 మోడల్ నుంచి తీసిన మరో బీ230ఎఫ్ ఇంజన్‌ను ఎక్కించాను. రెండు కార్లలోనూ ఉన్నది ఎల్‌హెచ్ 2.4 అనే పెట్రోలు ఇంజెక్షన్ వ్యవస్థ, ఈజెడ్‌కే అనే ఇగ్నిషన్ (స్పార్కు) వ్యవస్థ కాబట్టి కంప్యూటర్లనూ వైరింగునూ కదపలేదు. 740లో స్పార్కును ప్లగ్గులకు పంచే డిస్ట్రిబ్యూటర్ సిలిండర్ హెడ్ వెనుక భాగాన ఉంటుంది, 240లో అది ఫైర్‌వాల్‌కు (ఇంజన్‌కూ కూర్చునే భాగానికీ మధ్యనున్న గోడకు) తగులుతుంది. అందువల్ల పాత ఇంజన్‌లోని డిస్ట్రిబ్యూటర్‌నూ దాన్ని తిప్పే ఇంటర్మీడియట్ షాఫ్టునూ కొత్తదానిలోకి మార్చి, హెడ్ వెనుక ఉన్న రంధ్రాన్ని పలకతో మూసివేశాను. టైమింగ్ బెల్టు కొత్తది. క్రాంక్, ఇంటర్మీడియట్, క్యామ్ మూడింటి గుర్తులూ సరిగ్గా కలుస్తున్నాయి. ఫ్లైవీల్ (క్రాంక్ వెనుక కొనన ఉండే బరువైన చక్రం) మాత్రం ఇంజన్‌తో పాటు బిగించి వచ్చినదే. వెనుక ఆయిల్ సీలు కొత్తగా కనిపించడంతో దాన్ని విప్పకుండా క్లచ్ ప్లేటు మాత్రమే మార్చాను.

సెల్ఫ్ కొడితే ఇంజన్ ఎక్కడా బిగుసుకోకుండా సాఫీగా తిరుగుతోంది కానీ అందుకోవడం లేదు. అప్పుడప్పుడు సైలెన్సర్‌లో ఢామ్మని పేలుతుంది, ఒక్కోసారి ఇన్‌టేక్ వైపు దగ్గినట్టు చప్పుడు వస్తుంది. నాలుగు సిలిండర్లలోనూ కంప్రెషన్ దాదాపు సమానంగా ఉంది. ఇంధన ఒత్తిడి 3 బార్ చూపిస్తోంది. నాలుగు ప్లగ్గుల దగ్గరా స్పార్కు కనిపిస్తోంది, విప్పి చూస్తే ప్లగ్గులన్నీ పెట్రోలుతో తడిసి ఉన్నాయి. ప్లగ్ వైర్లు 1-3-4-2 వరుసలోనే ఉన్నాయని మళ్లీ మళ్లీ సరిచూశాను. బోనెట్ కింద ఉన్న డయాగ్నస్టిక్ పెట్టెలో ఇంజెక్షన్‌కూ ఇగ్నిషన్‌కూ రెండింటికీ 1-1-1 కోడే వస్తోంది, అంటే లోపం లేదని అర్థం. ఇక ఏ వైపు నుంచి వెతకాలో మీరు చెప్పగలరా?

ఎర్త్_వైరు

వ్యాగన్ గారూ, ముందుగా ఒక మనవి. కారణం తేలే వరకు సెల్ఫ్ కొట్టడం ఆపండి. మండని పెట్రోలు సిలిండర్ గోడల మీది ఆయిల్ పొరను కడిగేసి కింద సంపులోకి చేరుతుంది; సైలెన్సర్‌లో పేలుళ్ల వల్ల క్యాటలిటిక్ కన్వర్టర్ పాడవుతుంది. డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి. పెట్రోలు వాసన వస్తే ఇంజన్ అందుకోక ముందే ఆయిల్ మార్చడం మంచిది. ఇకపై పరీక్ష కోసం తిప్పవలసి వచ్చినప్పుడు ఇంధన పంపు రిలే తీసివేసి తిప్పండి.

ఇంజన్ మార్పిడి తరువాత నేను మొదట అనుమానించేది ఎర్త్ వైర్లను. ఈ ఇంజెక్షన్ కంప్యూటర్ ఎర్త్ వైర్లు ఇన్‌టేక్ మానిఫోల్డు దగ్గర బోల్టుకు బిగించి ఉంటాయి. ఇంజన్ దింపేటప్పుడు విప్పి, ఎక్కించాక వైర్ల కట్టలో కనిపించక వదిలేసే అవకాశం చాలా ఎక్కువ. సిలిండర్ హెడ్ వెనుక నుంచి ఫైర్‌వాల్‌కు వెళ్లే జడ తీగ కూడా అంతే. వాటి కొనలను లోహం మెరిసే వరకు గీకి బిగించండి.

రెండవది కూలంట్ ఉష్ణోగ్రత సెన్సర్. మానిఫోల్డు కింద ఉండే ఈ సెన్సర్ ఇంజెక్షన్‌కూ ఇగ్నిషన్‌కూ వేడిని చెబుతుంది. 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర దాని నిరోధం సుమారు 2,500 ఓమ్‌లు ఉండాలి. దాని కనెక్టర్ ఊడి ఉంటే కంప్యూటర్ విపరీతమైన చలి ఉందనుకుని పెట్రోలును గుమ్మరిస్తుంది. మీ ప్లగ్గులు తడవడానికి అదీ ఒక కారణం కావచ్చు. అయితే అలా ఊడి ఉంటే కోడ్ నమోదు కావాలి, మీకు 1-1-1 వస్తోంది కాబట్టి నా అనుమానం ఎర్త్ వైర్ల మీదే ఎక్కువగా ఉంది.

క్రాంక్_కేసు

పై సూచనలు మంచివే, అవి ఎలాగూ చేయవలసినవే. కానీ మీ ప్రశ్నలోని ఒక్క వాక్యం దగ్గర నా దృష్టి నిలిచిపోయింది. ఫ్లైవీల్ ఇంజన్‌తో పాటు బిగించి వచ్చిందనీ, వెనుక ఆయిల్ సీలు కొత్తగా ఉందనీ రాశారు. ఆ సీలు మార్చాలంటే ఫ్లైవీల్ విప్పక తప్పదు. అంటే మీ చేతికి రాక ముందు ఎవరో దాన్ని విప్పి మళ్లీ బిగించారు.

ఇది ఎందుకు ముఖ్యమో వివరంగా చెబుతాను. పాత ఎల్‌హెచ్ 2.2 ఇంజెక్షన్ ఉన్న కార్లలో ఇగ్నిషన్‌కు సంకేతం డిస్ట్రిబ్యూటర్ లోపలి హాల్ సెన్సర్ నుంచి వస్తుంది కాబట్టి అక్కడ ఫ్లైవీల్ ఏ కోణంలో ఉన్నా ఫరవాలేదు. మీ కారులో డిస్ట్రిబ్యూటర్ పని స్పార్కును పంచడం వరకే. స్పార్కు ఎప్పుడు పడాలో నిర్ణయించేది గేర్‌బాక్స్ బెల్ హౌసింగ్ (ఫ్లైవీల్‌ను కప్పి ఉంచే డొప్ప) పైభాగాన ఉన్న సెన్సర్. అది ఫ్లైవీల్ అంచున ఉన్న రంధ్రాలను లెక్కిస్తూ, వాటి మధ్య వచ్చే పెద్ద ఖాళీని చూసి పిస్టన్ టీడీసీకి (అది పూర్తిగా పైకి చేరే స్థానానికి) ఇంకా 90 డిగ్రీల దూరంలో ఉందని గ్రహిస్తుంది. ఫ్లైవీల్‌కు ఉన్న 8 బోల్టులూ సమాన దూరంలో ఉంటాయి. అందుచేత దాన్ని ఎనిమిది కోణాల్లో ఎలాగైనా బిగించవచ్చు, ఎలా బిగించినా అది చక్కగా కూర్చుంటుంది, క్లచ్ కూడా మామూలుగానే పనిచేస్తుంది. ఒక్క బోల్టు రంధ్రం జరిగితే స్పార్కు 45 డిగ్రీలు తప్పుతుంది. పెద్ద ఖాళీ క్రమం తప్పకుండా కనిపిస్తూనే ఉంటుంది కాబట్టి కంప్యూటర్ దృష్టిలో లోపమేమీ ఉండదు. పిస్టన్ నిజంగా ఎక్కడుందో తెలుసుకునే దారి దానికి లేదు. ఆ 1-1-1 కోడ్ చెబుతున్నది అంతవరకే.

మీరు చెప్పిన లక్షణాల్లో మరొక ఆధారం ఉంది. స్పార్కు 45 డిగ్రీలు ముందుగా పడుతుంటే పైకి వస్తున్న పిస్టన్‌ను అది వెనక్కి తన్నేది, సెల్ఫ్ మధ్యమధ్యలో బిగుసుకునేది. మీ ఇంజన్ సాఫీగా తిరుగుతోంది, పేలుడు సైలెన్సర్‌లో వినిపిస్తోంది. కాబట్టి స్పార్కు ఆలస్యంగా పడుతోందని నా అంచనా.

దీన్ని రూఢి చేసుకోవడానికి గేర్‌బాక్స్ దింపనక్కరలేదు. ముందు అసలైన టీడీసీని కనుక్కోండి. ముందున్న క్రాంక్ పుల్లీ మీది గుర్తును నేరుగా నమ్మవద్దు, ఎందుకంటే ఆ పుల్లీ బయటి వలయం లోపలి భాగానికి రబ్బరుతో అతికి ఉంటుంది, పాతబడిన రబ్బరు జారితే గుర్తు కూడా దానితో పాటు జరిగిపోతుంది. ప్లగ్గులన్నీ తీసి, ఒకటవ సిలిండర్ ప్లగ్ రంధ్రంలో పిస్టన్ స్టాప్ (పిస్టన్ పైకి రాకుండా అడ్డుకునే కడ్డీ) బిగించండి. పుల్లీకి కోణాలు గీసిన చక్రం తగిలించి, 24 మిల్లీమీటర్ల సాకెట్‌తో ఇంజన్‌ను మెల్లగా చేత్తో తిప్పి, పిస్టన్ ఆగిన చోట కోణం రాసుకోండి. మళ్లీ అటువైపు నుంచి తిప్పి ఆగిన చోట రాసుకోండి. ఆ రెండింటికీ సరిగ్గా మధ్యనున్నదే టీడీసీ. సెల్ఫ్‌తో మాత్రం తిప్పకండి, పిస్టన్‌కు గుంట పడుతుంది.

తరువాత స్టాప్ తీసేసి, బెల్ హౌసింగ్ మీది సెన్సర్ విప్పి, ఆ రంధ్రంలోంచి లైటు వేసి చూడండి. ముందు నుంచి చూసినప్పుడు గడియారం ముల్లు తిరిగే దిశలో ఇంజన్‌ను తిప్పుకుంటూ వస్తే, టీడీసీకి 90 డిగ్రీల ముందు పెద్ద ఖాళీ ఆ రంధ్రం కిందికి రావాలి. 45 డిగ్రీల ముందు వస్తే మీ సమస్య తేలిపోయినట్టే.

వ్యాగన్_245

ఇద్దరికీ కృతజ్ఞతలు. మానిఫోల్డు మీది ఎర్త్ వైర్లు బిగించే ఉన్నాయి, అయినా విప్పి శుభ్రం చేసి మళ్లీ బిగించాను. ఉష్ణోగ్రత సెన్సర్ నిరోధం చెప్పినట్టే ఉంది. ఆయిల్‌లో మాత్రం పెట్రోలు వాసన స్పష్టంగా వస్తోంది, కాబట్టి మారుస్తాను.

పిస్టన్ స్టాప్‌తో కొలిస్తే పుల్లీ మీది గుర్తు నిజమైనదేనని తేలింది. సెన్సర్ రంధ్రంలోంచి చూస్తే పెద్ద ఖాళీ టీడీసీకి 45 డిగ్రీల ముందు మాత్రమే వచ్చింది. రిలే తీసి, స్పార్కు పడే క్షణాన్ని చూపే టైమింగ్ లైటు పెట్టి సెల్ఫ్ కొట్టి చూస్తే, కొన్ని డిగ్రీల ముందు పడవలసిన స్పార్కు టీడీసీ దాటిన తరువాత 35 డిగ్రీల ప్రాంతంలో పడుతోంది. రెండు కొలతలూ ఒకే మాట చెబుతున్నాయి. ఇంజన్‌ను మళ్లీ దింపకుండా, గేర్‌బాక్స్ మాత్రమే వెనక్కి లాగి ఫ్లైవీల్‌ను సరిచేయవచ్చా? డిస్ట్రిబ్యూటర్‌ను తిప్పి ఈ తేడాను సర్దే మార్గమేమైనా ఉందా?

క్రాంక్_కేసు

డిస్ట్రిబ్యూటర్‌ను తిప్పితే ఫలితం ఉండదు. అది స్పార్కు ఏ ప్లగ్గుకు వెళ్లాలో మారుస్తుందే తప్ప ఎప్పుడు పడాలో మార్చదు. ఫ్లైవీల్ విప్పవలసిందే.

గేర్‌బాక్స్ మాత్రమే దింపితే సరిపోతుంది. ప్రొపెల్లర్ షాఫ్టు విప్పే ముందు దాని రెండు ఫ్లాంజిల మీద గుర్తు పెట్టుకోండి, లేకపోతే తరువాత వణుకు రావచ్చు. గేర్‌బాక్స్ కింది క్రాస్ మెంబర్ విప్పి వెనుక భాగాన్ని కాస్త కిందికి వాల్చితే బెల్ హౌసింగ్ పై బోల్టులకు పొడవాటి ఎక్స్‌టెన్షన్ అందుతుంది. అయితే అలా వాల్చేటప్పుడు ఇంజన్ వెనక్కి ఒరిగి, హెడ్ వెనుక భాగం ఫైర్‌వాల్‌ను నొక్కుతుంది. మీరు మూసిన పలకా ఆ చుట్టుపక్కల వైర్లూ నలగకుండా మధ్యలో చెక్క ముక్క పెట్టండి.

విప్పాక ఏ వైపు ఎంత తిప్పాలో కాగితం మీద లెక్కించి కూర్చోవద్దు, అక్కడ దిశ తారుమారు కావడం చాలా తేలిక. క్రాంక్‌ను సరిగ్గా టీడీసీకి 90 డిగ్రీల ముందు నిలిపి, సెన్సర్ వచ్చే చోటును ఇంజన్ బ్లాకు మీద సుద్దతో గుర్తు పెట్టుకుని, పెద్ద ఖాళీ ఆ గుర్తు ఎదురుగా వచ్చేలా ఫ్లైవీల్‌ను కూర్చోబెట్టండి. క్లచ్ బిగించక ముందే ఒకసారి చుట్టూ తిప్పి మళ్లీ సరిచూసుకోండి. బోల్టులు కొత్తవి వేసి, థ్రెడ్ లాకర్ పూసి, మాన్యువల్‌లో ఇచ్చిన టార్క్‌కు బిగించండి. క్లచ్ ప్లేటు ఎలాగూ బయటికి వస్తుంది కాబట్టి దాని మీద ఆయిల్ మరక ఏమైనా ఉందేమో చూడండి. సీలును బిగించినవారే ఫ్లైవీల్‌నూ బిగించారు కదా, అందుకే ఆ సీలు సక్రమంగా కూర్చుందో లేదో చూడడం అవసరం.

ఎర్త్_వైరు

ఒక చిన్న జోడింపు. ఫ్లైవీల్ సరిచేశాక మొదటిసారి తిప్పేటప్పుడు, కొత్త ఆయిల్ పోసి, బెల్ హౌసింగ్ మీది సెన్సర్ కనెక్టర్‌ను విడదీసి ఉంచండి. వేగం సంకేతం లేకపోతే స్పార్కూ ఉండదు, ఇంజెక్షనూ ఉండదు. ఆయిల్ ప్రెషర్ లైటు ఆరే వరకు అలా తిప్పి, ఆ తరువాత కనెక్టర్ కలిపి స్టార్ట్ చేయండి. ఇంతకాలం పెట్రోలుతో కడుక్కుపోయిన సిలిండర్లకు ఈ జాగ్రత్త చాలా అవసరం.

వ్యాగన్_245

ఇంజన్ అందుకుంది! కనెక్టర్ కలిపి సెల్ఫ్ కొట్టగానే మండింది. మీ ఇద్దరి ఓపికకు నేను ఎంతో రుణపడి ఉన్నాను. సీలు సరిగ్గానే ఉంది, క్లచ్ ప్లేటు పొడిగా ఉంది. కాసేపు పొగ దట్టంగా వచ్చి తరువాత తగ్గిపోయింది.

ఇప్పుడు మిగిలింది ఒకే సమస్య. వేడెక్కిన తరువాత ఐడిల్ వేగం (యాక్సిలరేటర్ తొక్కనప్పటి వేగం) నిమిషానికి 700 నుంచి 1,300 చుట్ల మధ్య పైకీ కిందికీ ఊగుతోంది. యాక్సిలరేటర్ తొక్కితే శుభ్రంగా లాగుతోంది.

ఎర్త్_వైరు

శుభవార్త చెప్పారు, చాలా సంతోషంగా ఉంది. ఐడిల్ అలా ఊగడం దాదాపు ఎప్పుడూ లెక్కలోకి రాని గాలి లోపలికి చొరబడడం వల్లే. లోపలికి వెళ్లే గాలిని కొలిచే ఎయిర్ మాస్ మీటర్ దాటిన తరువాత ఎక్కడ సందు ఉన్నా, కంప్యూటర్‌కు తెలియని గాలి ఇంజన్‌లోకి చేరుతుంది, ఐడిల్ వాల్వు దాన్ని సరిదిద్దబోయి అటూ ఇటూ కొట్టుకుంటుంది.

ఇంజన్ తిరుగుతుండగా ఆయిల్ పోసే మూత తీయండి. వేగం చటుక్కున మారి ఇంజన్ తడబడితే గొట్టాలు చాలావరకు బిగుతుగా ఉన్నట్టే. ఏ మార్పూ లేకపోతే ఎక్కడో ఇప్పటికే గాలి లాగుతోందని గానీ, క్రాంక్‌కేసు ఆవిరి గొట్టంలోని ఫ్లేమ్ ట్రాప్ (మంటను ఆపే జల్లెడ) పూడుకుపోయిందని గానీ అనుకోవచ్చు. ఎయిర్ మాస్ మీటర్ నుంచి థ్రాటిల్ వరకు వెళ్లే మడతల రబ్బరు గొట్టాన్ని విప్పి, కింది వైపు మడతలను వంచి చూడండి. ఇంజన్ దింపేటప్పుడు వంగి అది అక్కడే చీలుతుంది, పైనుంచి చూస్తే ఏమీ కనిపించదు. బ్రేక్ బూస్టర్ గొట్టాన్నీ, ఇంజెక్టర్ల కింది రబ్బరు వలయాలనూ దాని తరువాత చూడండి.

వ్యాగన్_245

మూత తీస్తే ఏ మార్పూ కనిపించలేదు. మడతల గొట్టం కింది వైపు వేలెడు పొడవున చీలి ఉంది. కొత్త గొట్టం, కొత్త ఫ్లేమ్ ట్రాప్ వేశాను. ఇప్పుడు ఐడిల్ 775 దగ్గర నిలబడుతోంది, టైమింగ్ లైటులో 12 డిగ్రీలు ముందు చూపిస్తోంది. మూత తీస్తే వెంటనే తడబడుతోంది. రేపు కూలంట్‌లోని గాలి పూర్తిగా తీసి, కొద్ది దూరం నడిపిన తరువాత ఫ్లైవీల్ వైపు ఆయిల్ చెమ్మ ఏమైనా వస్తోందేమో చూస్తాను.