చీటీ ఇప్పుడే పాడి పాత కారు కొనాలా, ఆఖరి నెల దాకా ఆగాలా?

మధురవాడ బైకు: అందరికీ నమస్కారం. ఇంట్లో తెగని పంచాయితీ ఒకటి ఇక్కడ పెడుతున్నాను. 3 లక్షల చీటీ, 20 నెలలు, నెలకు 15,000. పది నెలలు కట్టాను. ఈ నెల పాడితే 45,000 వదులుకోవాలి. కమీషన్ 15,000 పోను చేతికి 2,40,000 వస్తుంది. ఆఖరిదాకా ఆగితే 2,85,000. మా వైజాగ్‌లోనే లాసన్స్ బే కాలనీలో 2013 వ్యాగన్ ఆర్ ఒకటి చూశాను. మొదటి ఓనరే, 2,40,000కి ఇస్తానంటున్నారు. ఇద్దరు పిల్లలతో వానలో బైకు మీద తిరగలేక మా ఆవిడ పాడేయమంటుంది. ఆగరా అంటారు నాన్న.

ఎన్ఏడీ మాస్టారు: నాన్నగారి మాటే వినండి. 45 వేలంటే మూడు నెలల చీటీ డబ్బు. పది నెలలు ఓపిక పట్టారు, ఇంకో తొమ్మిది నెలలు పట్టలేరా?

సీతమ్మధార అక్క: మాస్టారూ, మీరు ఒక్కరే బైకు మీద వెళ్తారేమో. పిల్లకి జ్వరం, బయట తుపాను వాన, ఆటోవాడు నోటికొచ్చిన రేటు చెప్తాడు. అప్పుడు తెలుస్తుంది ఓపిక ఎంతో. నేను మూడో నెలలోనే పాడి కొన్నాను, ఏమీ బాధ లేదు.

లెక్కల మనిషి: ఇద్దరూ ఒక సంగతి వదిలేశారు. చేతికొచ్చే 2,40,000లో లక్షన్నర ఆయన కట్టిందే. అదనంగా వచ్చేది 90 వేలు. దానికోసం 45 వేలు వదులుకోవడమా! చీటీ ముట్టుకోకుండా అదే 2,40,000 ఏడాదికి 15 శాతం వడ్డీకి తెచ్చినా తొమ్మిది నెలలకు 27 వేలే అవుతుంది. ఆఖర్న చీటీ డబ్బుతో అసలు తీర్చేయొచ్చు. అయితే కారు లోనుకి నెలనెలా వాయిదా ఉంటుంది, చీటీతో కలిపి రెండూ కట్టాలంటే ఊపిరాడదు. బంగారం మీద తీసుకుంటే ఆ బాధ తక్కువ.

మధురవాడ బైకు: అన్నా, లెక్క బాగుంది. మా ఆవిడని బంగారం అడిగితే కారుకన్నా ముందు నేను షెడ్డుకి పోతాను.

గాజువాక షెడ్డు: తమ్ముడూ, చీటీ గొడవ తర్వాత. 2,40,000 చేతిలో పెట్టుకుని 2,40,000 బండి కొనలేవు. పేరు మార్పు ఖర్చు, ఇన్సూరెన్సు, బ్యాటరీ, టైర్లు ఎక్కడినుంచి తెస్తావు? టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి, 2319 అంటే 2019లో 23వ వారం తయారైందని. ఎంత గాడి మిగిలినా ఏడెనిమిదేళ్ల టైరుని నమ్మకు.

ఇక లాసన్స్ బే అన్నావు. సముద్రం ఎదురుగా ఆరుబయట నిలబెట్టిన బండి పైకి మెరుస్తూనే ఉంటుంది, తుప్పంతా కింద ఉంటుంది. జాకీ వేసి సైలెన్సరు, సస్పెన్షన్ బిగించే చోట్లు, డోర్ల కింది అంచులు చూడు. డోరు రబ్బరు లాగి చూడు, కంపెనీ వెల్డింగ్ చుక్కలు వరసగా కనిపించాలి. ఒకవైపు ఉండి ఇంకోవైపు లేకపోతే దెబ్బ తిన్న బండే. 2013 అంటే 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపానుని చూసిన బండి. ఆ రోజు చెట్టుకింద లేని కారు ఈ ఊళ్లో ఎన్ని ఉన్నాయి? పైకప్పు మీద అయస్కాంతం పెట్టు, అతుక్కోకపోతే లోపల పుట్టీ ఉన్నట్టే. ముందే స్టార్ట్ చేసి వేడిగా ఉంచితే మళ్లీ చల్లారాకే చూడు. సింహాచలం ఘాట్ ఎక్కిస్తే క్లచ్ సంగతి తెలిసిపోతుంది.

ఉక్కునగరం రిటైర్డ్: సముద్రం పక్క బండంటే చెత్తే అన్నట్టు మాట్లాడకండి. సెల్లారులో పెట్టి, నెలనెలా కింద నీళ్లు కొట్టించిన బండికి ఏమీ కాదు. నాది ఆ లెక్కే. అసలు జాగ్రత్తపడాల్సింది బదిలీ మీద వెళ్లే నేవీవాళ్లు అమ్మే బయటి రాష్ట్రం నంబరు బండ్ల దగ్గర. బండ్లు బాగుంటాయి. కాకపోతే ఆ రాష్ట్రం నుంచి అభ్యంతరం లేదన్న పత్రం, అదే ఎన్ఓసీ, తేవాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ధరలో మిగిలింది అక్కడే పోతుంది.

గాజువాక షెడ్డు: సెల్లారు ఉంటే ఒప్పుకుంటాను పెద్దాయనా. చూడమనే కదా చెప్తున్నాను, కొనొద్దనలేదు.

ఆర్సీ పిచ్చోడు: 2013 బండికి రిజిస్ట్రేషన్ 2028 వరకే, 15 ఏళ్లే కదా. ఆ తర్వాత ఫిట్‌నెస్ చేయించి రెన్యువల్. ధర బేరమాడేటప్పుడు ఈ మాట ముందు అనండి. లోను మీద కొన్న బండైతే లోను తీరిందని చూపే ఫారం 35, బ్యాంకు ఎన్ఓసీ అడగండి. పేరు మార్పుకి పెట్టే ఫారం 29, 30 మీద ఖాళీగా సంతకాలు పెట్టించుకుని బీరువాలో పడేయొద్దు. ఆర్సీలో పేరున్నవాళ్లే యజమాని అని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది, కాబట్టి అమ్మేవాళ్లకీ తొందర ఉండాలి. ఇన్సూరెన్సు 14 రోజుల్లో మీ పేరు మీదికి మార్పించుకోండి. ఆయనకున్న నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, ఆయనతోనే పోతుంది, ఆ తేడా మీరే కట్టాలి.

మధురవాడ బైకు: ఓనరుకి ఫోన్ చేశాను. సెల్లారు లేదట, రోడ్డు మీదే పెడతారట. ఆదివారం పొద్దున్న ఆరింటికి వస్తాను, బండి స్టార్ట్ చేయకుండా ఉంచండి అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత '2,15,000కి చూద్దాంలే' అన్నారు. నాన్న కూడా వస్తానంటున్నారు, అయస్కాంతం పట్టుకుని.