ఇంగ్లండ్ ఫుట్‌బాల్: ఒక్క ఏషియన్ స్టార్ వస్తే మిగతావాళ్లకు దారి దొరుకుతుందా?

కార్నర్‌కిక్: 2021 జనాభా లెక్కల్లో ఇంగ్లండ్, వేల్స్‌లలో భారత, పాకిస్తానీ, బంగ్లాదేశీ మూలాలవాళ్లు (ఇక్కడ ఏషియన్లంటే వీళ్లే) 6.9 శాతం. ప్రొఫెషనల్ ఆటగాళ్లలో ఒక్క శాతం కూడా లేరు. నల్లజాతివాళ్లకూ ఒకప్పుడు ఇదే పరిస్థితి. 1978లో వివ్ ఆండర్సన్ తొలి నల్లజాతి ఆటగాడిగా ఇంగ్లండ్ సీనియర్ జట్టుకు ఆడాక రోజులు మారాయి. మనకూ అలాంటివాడు ఒక్కడొస్తే చాలంటాను.

సుజాత_లెస్టర్: వచ్చారు కదండీ! మైకేల్ చోప్రా 2006లో న్యూకాసిల్ తరఫున సండర్లాండ్‌పై గోల్ కొట్టాడు. తల్లివైపు భారత మూలాలున్న నీల్ టేలర్ 2016 యూరో కప్‌లో వేల్స్‌కు గోల్ చేశాడు. హంజా చౌధురీ 2021లో లెస్టర్‌తో ఎఫ్.ఏ. కప్ గెలిచాడు. వాళ్ల వెనక ఎంతమంది వచ్చారు? ఆండర్సన్ ఆడేనాటికి వెస్ట్ బ్రామ్ ఒక్క జట్టులోనే కనింగ్‌హామ్, రీజిస్, బ్యాట్సన్ అనే ముగ్గురు నల్లజాతి ఆటగాళ్లు ఉన్నారు. మార్పు తెచ్చింది ఆ గుంపు. ప్లిమత్ ఆటగాడు జాక్ లెస్లీని 1925లో ఇంగ్లండ్‌కు ఎంపిక చేసి, రంగు చూసి తప్పించారు. ఆ తర్వాత ఆండర్సన్ దాకా 53 ఏళ్లు ఆగాల్సి వచ్చింది.

పాతలీగ్: సుజాతగారి మాటకే ఇంకోటి కలుపుతాను. రీజిస్‌ని వెస్ట్ బ్రామ్ 1977లో హేస్ అనే నాన్-లీగ్ (ప్రొఫెషనల్ లీగ్‌కు కింది స్థాయి) క్లబ్ నుంచి 5,000 పౌండ్లకు తీసుకుంది. అప్పటికి అతనికి 19 ఏళ్లు. ఇవాళ ఆ దారి దాదాపు మూసుకుపోయింది. క్లబ్బుల శిక్షణ అకాడమీలు అండర్-9లోనే పిల్లల్ని రిజిస్టర్ చేసుకుంటాయి, అంతకుముందే ఆరేడేళ్లవాళ్లను చూసిపెట్టుకుంటాయి. ప్రతిభను వెతికే స్కౌట్లు తిరిగేది కౌంటీ ఎఫ్.ఏ. (స్థానిక ఫుట్‌బాల్ సంఘం) గుర్తింపున్న ఆదివారం లీగుల్లో. మన పిల్లలు చాలామంది ఆడేదేమో ఇండోర్ హాళ్లలో, సొంత సంఘాల టోర్నమెంట్లలో. అక్కడ ఎంత బాగా ఆడినా చూసేవాడు ఉండడు. కాబట్టి ఆ సంఘాలు ముందు అండర్-7 జట్టుకు కౌంటీ గుర్తింపు తీసుకోవాలి. పిల్లల భద్రత చూసే వెల్ఫేర్ ఆఫీసరు, డీబీఎస్ (నేరచరిత్ర) తనిఖీ పూర్తయిన కోచ్, ప్రథమచికిత్స తెలిసినవాళ్లు కావాలి. అండర్-11 దాకా ఆగితే ఆలస్యమైనట్టే.

కార్నర్‌కిక్: అమ్మానాన్నలు చదువు మానిపించరు కదా?

సుజాత_లెస్టర్: మానక్కర్లేదు. 16 ఏళ్లకు క్లబ్బులు ఇచ్చే స్కాలర్‌షిప్ (శిక్షణ ఒప్పందం) రెండేళ్లలో చదువు కూడా భాగమే. అసలు చిక్కు వారంలో మూణ్నాలుగు సాయంత్రాలు పిల్లాణ్ణి శిక్షణకు తీసుకెళ్లడం. టాక్సీ, రెస్టారెంట్ పనుల్లో ఉన్న తండ్రికి సరిగ్గా అదే డ్యూటీ సమయం. క్లబ్బు మినీబస్సు పెడితే ఎంతమంది వస్తారో చూడండి. 'వీళ్లకు క్రికెట్టే ఇష్టం' అనే మాట, అప్పట్లో 'నల్లవాళ్లు చలికి ఆగలేరు' అన్న మాటకు తోబుట్టువే.

పాతలీగ్: చూసే కళ్లు కూడా మారాలి. నల్లజాతివాడైన టోనీ కాలిన్స్ 1960లోనే రాచ్‌డేల్ క్లబ్ మేనేజర్, 1962లో ఆ జట్టును లీగ్ కప్ ఫైనల్‌కు చేర్చాడు. ఆ తర్వాత ఎక్కువకాలం స్కౌట్‌గానే పనిచేశాడు. మైదానంలో నల్లజాతి ఆటగాళ్లు ఇంతమంది ఉన్నా, మేనేజర్లు ఇప్పటికీ వేళ్లమీద లెక్కపెట్టేంతే. ఆటగాళ్లు వచ్చాక కోచ్‌లు వాళ్లంతట వాళ్లే వస్తారని మనం కూర్చోకూడదు. 2020 నాటి ఫుట్‌బాల్ లీడర్‌షిప్ డైవర్సిటీ కోడ్ కొత్త కోచింగ్ నియామకాల్లో మైనారిటీలకు 25 శాతం లక్ష్యం పెట్టింది. కానీ నల్లజాతి, ఏషియన్, మిశ్రమ వారసత్వం అందరినీ ఒకే గంపలో వేసింది. ఆ 25లో ఒక్క ఏషియన్ లేకపోయినా లక్ష్యం చేరినట్టే లెక్క. విడివిడిగా లెక్క చెప్పమని అడగాలి.