రక్తం తీసేటప్పుడు అందరూ "నరం" అంటారు, పుస్తకంలో నరం వేరు. అసలు ఈ పేర్లు ఎలా వచ్చాయి?

సూదిమొన:
అందరికీ నమస్తే అండి. నేను ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు రెండో సంవత్సరం చదువుతున్నా, ఈ మధ్యనుంచి రోజూ పొద్దున్నే శాంపిల్స్ తీసే డ్యూటీ వేస్తున్నారు. చేతికి బ్యాండ్ కట్టి పిడికిలి బిగించమని చెప్పగానే వచ్చినవాళ్ళు అడిగే మొదటి మాట "నరం దొరికిందా అమ్మా" అని. నేనూ "కాస్త ఉండండి, నరం సన్నగా ఉంది" అనే అంటా, మా సీనియర్లూ అదే అంటారు. కానీ క్లాసులో నరం అంటే నర్వ్, మెదడుకీ ఒంటికీ మధ్య కబుర్లు మోసేది, నేను సూది పెట్టేదేమో సిరలో, అంటే రక్తాన్ని గుండెకి తిరిగి తెచ్చే నాళంలో.

మొన్న ఒక పెద్దాయనకి తీస్తుంటే సూది కొంచెం పక్కకి పోయింది, ఆయన వేళ్ళ దాకా కరెంటు కొట్టినట్టు అయిందని ఒక్కసారిగా చెయ్యి లాక్కున్నారు. వెంటనే సూది తీసేశా, కాసేపటికి ఆయనకి తగ్గింది గానీ నాకు రోజంతా మనసు మనసులో లేదు. అప్పుడు తగిలింది నిజంగా నరం! అంటే తగలకూడనిదానికీ, వెతికి పట్టుకోవాల్సినదానికీ మనం ఒకటే పేరు వాడుతున్నాం. ఇది ఎలా జరిగింది? ధమని, సిర అనే మాటలకి అసలు అర్థం ఏంటి? కణజాలంలో జాలం ఎందుకొచ్చింది? సీరం అంటే ఏంటి? ఇవన్నీ బట్టీ పట్టాను తప్ప ఎవరూ చెప్పలేదు, తెలిసినవాళ్ళు కొంచెం చెప్పండి ప్లీజ్.

మాటలమూట:
మంచి ప్రశ్న అమ్మా. ముందు నరం సంగతి చెప్తా, ఎందుకంటే ఇందులో తప్పు మీదీ కాదు, వచ్చినవాళ్ళదీ కాదు.

నరం మన ద్రావిడ భాషల సొంత మాట, తమిళంలో నరంబు అంటారు. అక్కడ ఆ మాటకి నర్వ్, రక్తనాళం, కండని ఎముకకి కట్టే తాడు, చివరికి వాద్యానికి కట్టే తీగ అని కూడా అర్థాలున్నాయి. అంటే మొదట్లో నరం అంటే ఫలానా పని చేసేది అని కాదు, ఒంట్లో తాడులా సాగి ఉండే ఏదైనా నరమే. మన వాడుక చూడండి, చేతి మీద నరాలు తేలాయి అంటే అవి సిరలు, మెడ నరం పట్టేసింది అంటే చాలాసార్లు అది కండరం, నరాల డాక్టరు దగ్గరికి వెళ్ళాం అంటే మాత్రం నర్వులు. మూడు చోట్లా మాట ఒకటే, అయినా విన్నవాడికి ఎక్కడా తికమక ఉండదు.

ఇక్కడే నాకు ఎప్పటికీ ఆశ్చర్యంగా ఉండే విషయం ఒకటుంది. గ్రీకులో న్యూరాన్ అన్నా అచ్చం ఇంతే! ఆ మాటకి పాత అర్థం కండని పట్టే తాడు, వింటినారి. క్రీస్తుపూర్వం 3వ శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో హెరోఫిలస్ అనే వైద్యుడు శవాలు కోసి చూసి, మెదడు నుంచీ వెన్నుపాము నుంచీ వచ్చే తెల్లటి దారాలు వేరు, కండ చివర ఉండే తాళ్ళు వేరు అని విడదీశాడు, కానీ పేరు మాత్రం పాతదే ఉండిపోయింది. 1891లో వాల్డేయర్ అనే జర్మన్ శాస్త్రవేత్త నాడీకణానికి న్యూరాన్ అని పేరు పెట్టినప్పుడు వాడింది ఆ వింటినారి మాటనే.

సంస్కృతంలో స్నాయువు కూడా ఆ కుటుంబం మాటే, న్యూరాన్‌కీ లాటిన్ నెర్వస్‌కీ దూరపు చుట్టం. బెంగాలీవాళ్ళు స్నాయు అంటే నర్వ్ అని వాడతారు, మన పుస్తకాల్లో స్నాయుబంధనం అంటే కండరాన్ని ఎముకకి కట్టే తాడు. ఒకే మాట, రెండు భాషల్లో రెండు వేర్వేరు భాగాలకి స్థిరపడిపోయింది.

ఇంకోటి, సూది పెట్టేటప్పుడు మోచేతి మడతలో వీలైనంత వరకు లోపలి వైపు వెళ్ళకండి, పెద్ద నరం, ధమని రెండూ అటు పక్కనే ఉంటాయి. మీకు తెలిసే ఉంటుంది, అయినా చెప్పకుండా ఉండలేకపోయా.

పాతబోర్డు:
పైన చెప్పింది చాలా బాగుంది. నేను ధమని గురించి రాస్తా, ఇరవై ఏళ్ళుగా జీవశాస్త్రం చెప్తున్నా, పిల్లలు చెవులు రిక్కించి వినే చోటు ఇదే.

ఇంగ్లీషులో ఆర్టరీ అనే మాట గ్రీకు ఆర్టీరియా నుంచి వచ్చింది, ఆ మాటని వాళ్ళు గాలిగొట్టానికి కూడా వాడేవాళ్ళు. గాలిగొట్టాన్ని ఇప్పుడు ట్రేకియా అంటాం కదా, ఆ మాటకి గరుకైనది అని అర్థం, గరుకుగా ఉండే ఆర్టరీ అన్నమాట, తర్వాత ఆర్టరీ ఊడిపోయి గరుకు ఒక్కటే మిగిలింది. రక్తనాళానికీ గాలిగొట్టానికీ ఒకే పేరు ఎందుకంటే, చనిపోయాక ధమనుల గోడలు బిగుసుకుని లోపలి రక్తాన్ని సిరల్లోకి నెట్టేస్తాయి, శవాన్ని కోసినవాళ్ళకి సిరల్లో రక్తం కనిపించేది, ధమనులు బోసిగా కనిపించేవి. కాబట్టి వీటిలో పారేది గాలే అనుకున్నారు, ఎరసిస్ట్రాటస్ లాంటి గొప్ప వైద్యుడే అలా అనుకున్నాడు. తర్వాత 2వ శతాబ్దంలో గేలెన్ అనే వైద్యుడు బతికున్న జంతువు ధమనిని రెండు చోట్ల దారంతో కట్టేసి మధ్యలో కోసి చూపించాడు, లోపల ఉన్నది రక్తమే. నాకు చాలా ఇష్టమైన ప్రయోగం, రెండు ముళ్ళు, ఒక్క కోత, అంతే.

ఇప్పుడు మన ధమని చూడండి, సంస్కృతంలో ధమ్ అంటే ఊదటం, కొలిమిలో తిత్తితో గాలి ఊదినట్టు. అంటే మనవాళ్ళూ ధమనిలో గాలి ఉందనే అనుకున్నారు. మన ఊపిరితిత్తిలో ఉన్నదీ కొలిమి తిత్తే కదా!

ఆకుపసరు:
పాతబోర్డు గారూ, మాట పుట్టుక మీరు చెప్పింది కరెక్టే గానీ చివర్లో ఒక్క అడుగు ఎక్కువ వేశారు అనిపించింది. చరక సంహిత సూత్రస్థానం 30వ అధ్యాయంలో ఈ పేర్లకి కారణాలు ఒక్క వాక్యంలో ఉన్నాయి, ధ్మానం వల్ల ధమని, స్రవించడం వల్ల స్రోతస్సు, సాగిపోవడం వల్ల సిర అని. అక్కడ ధ్మానం అంటే రసం లాంటివాటితో నిండటం అని వ్యాఖ్యాత చక్రపాణిదత్తుడు అర్థం చెప్పాడు. కాబట్టి పేరులో ఊదటం ఉందని లోపల గాలే ఉందనుకున్నారని తేల్చెయ్యలేం. పైగా పాత గ్రంథాల్లో ధమని అంటే ఇవాళ్టి ఆర్టరీ అని పట్టుకుంటే లెక్క కుదరదు, సుశ్రుతుడు నాభి నుంచి 24 ధమనులు బయల్దేరతాయన్నాడు. ఆర్టరీకి ధమని, వెయిన్‌కి సిర అని ఇప్పటిలా ఖాయం అయింది కొత్త పాఠ్యపుస్తకాల కాలంలోనే.

పాతబోర్డు:
ఒప్పుకుంటున్నా అండి, వ్యాఖ్య సంగతి నాకు తెలియదు. రేపటి క్లాసు నుంచి ఆ వాక్యం సరిచేసుకుని చెప్తా.

స్లైడుబాక్సు:
మిగిలిన రెండూ నేను చెప్తా. కణజాలాన్ని ఇంగ్లీషులో టిష్యూ అంటారు కదా, ఆ మాటకి పాత ఫ్రెంచిలో నేసిన గుడ్డ అని అర్థం. ఒంట్లో భాగాలకి ఆ మాటని శాస్త్రంగా నిలబెట్టింది బిషా అనే ఫ్రెంచి వైద్యుడు, మైక్రోస్కోపు ముట్టుకోకుండా, నానబెట్టి, ఉడకబెట్టి, ఎండబెట్టి, యాసిడ్‌లో వేసి చూసి 21 రకాలు లెక్కపెట్టాడు, 1802లో చనిపోయేనాటికి ఆయనకి 30 ఏళ్ళే. కణజాలాల చదువుని హిస్టాలజీ అంటారు, అందులో హిస్టోస్ అంటే గ్రీకులో మగ్గం, మగ్గం మీది నేత. హిందీలో కణజాలాన్ని ఊతక్ అంటారు, అందులో కూడా నేతే ఉంది. మన కణజాలంలో జాలం అంటే వల, కణాలతో అల్లిన వల. మన మాటలో కణం కూడా ఉంది కాబట్టి అది కణాల సంగతి తెలిశాక కట్టిన మాట అని పేరే చెప్పేస్తోంది, బిషా మాటలో కణం లేదు, ఆయనకి కనిపించింది పొరలూ పోగులే. మజిల్ అయితే లాటిన్‌లో చిట్టెలుక, చర్మం కింద కండ కదిలితే ఎలుక పరిగెత్తినట్టు ఉంటుందని.

సీరం అంటే లాటిన్‌లో పాలు విరిగినప్పుడు గడ్డ నుంచి వేరుపడే నీళ్ళు. ఇది చదివి ఊరుకోకండి, రేపు ఎర్ర మూత ట్యూబు స్టాండులో పెట్టాక అరగంట కదపకుండా ఉంచి చూడండి. ప్లాస్మా వేరే, గ్రీకులో అచ్చుపోసినది అని అర్థం, ఊదా మూత ట్యూబులో గడ్డకట్టకుండా మందు ఉంటుంది కాబట్టి పైకి తేలేది ప్లాస్మా, అందులో గడ్డకట్టడానికి పనికొచ్చే ఫైబ్రినోజెన్ అనే ప్రొటీన్ ఇంకా ఉంటుంది, సీరంలో అది గడ్డకి ఖర్చైపోయి ఉంటుంది. పుండు నుంచి కారే పల్చటి నీళ్ళని మనం రసి అంటాం కదా, సీరాన్ని రక్తరసి అన్నవాళ్ళు ఆ మాట పట్టుకునే అన్నారనుకుంటా, నాకైతే ఆ పేరు చాలా నచ్చుతుంది.

సూదిమొన:
అందరికీ చాలా చాలా థ్యాంక్స్ అండి, రెండుసార్లు చదివా. ఇవాళ పొద్దున ట్యూబుల్ని గిర్రున తిప్పే సెంట్రిఫ్యూజ్ మిషనులో పెట్టకముందు ఒక ట్యూబు అలాగే ఉంచి చూశా. ముందు మొత్తం ఎర్రగా వణికే ముద్దలా అయింది, తర్వాత గడ్డ కాస్త ముడుచుకుని గాజుకీ దానికీ మధ్య పసుపు తేట సన్నగా ఊరింది. రోజుకి నలభై ట్యూబులు చూస్తా, ఇన్నాళ్ళూ ఒక్కసారి కూడా ఆగి చూడలేదు. వచ్చినవాళ్ళతో నరం అనే అంటా, వాళ్ళకి అర్థమయ్యే మాట అదే, పక్కన ఉన్న జూనియర్‌కి మాత్రం సిర అని చెప్పి ఇటు పక్కకి వెళ్ళకు అని వేలు పెట్టి చూపిస్తున్నా. ఆ పెద్దాయన వచ్చే వారం మళ్ళీ షుగర్ టెస్టుకి రావాలి, ఈసారి ఆయన రెండో చెయ్యి చూస్తా.