టపాసుల మోతకు వణికే కుక్కను దగ్గరకు తీసుకోవాలా, వదిలేయాలా?

తొలిచినుకు:
నాలుగు నెలల క్రితం సంరక్షణ కేంద్రం నుంచి ఒక కుక్కను తెచ్చుకున్నాం. పేరు మబ్బు. మూడేళ్లు ఉండవచ్చన్నారు. అంతకు ముందు ఎక్కడ పెరిగిందో ఎవరికీ తెలియదు. నిన్న రాత్రి వీధి చివర ఎవరో టపాసులు కాల్చారు. మొదటి మోతకే స్నానాలగదిలోకి దూరి, బకెట్‌కూ గోడకూ మధ్య ఇరుక్కుపోయింది. రెండు గంటలు వణుకుతూనే ఉంది. చొంగ కారి ముందు కాళ్లు రెండూ తడిసిపోయాయి. నేను పక్కనే కూర్చుని వీపు మీద చేయి వేశాను. అలా చేస్తే భయపడటం ఇంకా అలవాటవుతుందని మా బంధువు ఒకరు మందలించారు. అది నిజమేనా? మూడు వారాల్లో మళ్లీ ఈ మోత మొదలవుతుంది.

పాతకాపు:
మీ బంధువు చెప్పింది అక్షరాలా నిజం. ముప్పై ఏళ్లుగా కుక్కలను పెంచుతున్నాను. మనం కంగారుపడుతూ పక్కన చేరితే ఏదో ప్రమాదం ముంచుకొచ్చిందనే అనుకుంటాయి. గారాబం చేయకండి. గదిలో ఉంచి తలుపు మూసి మీ పని మీరు చూసుకోండి. గొడవ సద్దుమణిగాక అదే బయటికి వస్తుంది.

సన్నజాజి:
పాతకాపు గారూ, ఈ మాట విని ఎన్ని కుక్కలు ఒంటరిగా రాత్రంతా వణికాయో! కూర్చోమంటే కూర్చోవడం కుక్క నేర్చుకున్న పని. వణుకు, చొంగ, రొప్పు దాని చేతిలో ఉన్నవి కావు. వీపు నిమిరితే భయం పెరగదు. తొలిచినుకు గారూ, మబ్బు దగ్గరకు వస్తే ఆసరా ఇవ్వండి. రాకపోతే బకెట్ వెనక నుంచి లాగకండి, ఆ చోటు అది ఎంచుకున్నది.

ఇంకొకటి. మోత వినిపించిన మరుక్షణం దానికి బాగా ఇష్టమైన తిండి ముక్క పెట్టండి, ప్రతి మోతకూ. వరస ముఖ్యం: ముందు మోత, వెనక తిండి. 2020లో బెర్న్ విశ్వవిద్యాలయ పరిశోధకురాలు స్టెఫనీ రీమర్ 1,225 మంది యజమానుల సమాధానాలతో ఒక సర్వే వెలువరించారు. ఈ పద్ధతి పనిచేసిందని అది వాడినవాళ్లలో 70 శాతానికి పైగా చెప్పారు.

నిదానం:
టపాసులు కాల్చే రోజుల్లో వెలుతురు ఉండగానే నడకకు తీసుకెళ్లి వచ్చేయండి. మెడపట్టీ వదులుగా ఉందేమో చూడండి. బెదిరిన కుక్క వెనక్కి గుంజితే తల ఇట్టే జారిపోతుంది.

పాతకాపు:
సర్వే అంటే ఎవరి కుక్క గురించి వాళ్లు చెప్పుకున్న మాటే కదా. బాగుపడిందని యజమాని అనుకుంటే సరిపోతుందా? నేను కళ్లారా చూసింది చెబుతున్నాను. గారాబంతో పెరిగిన కుక్కలే ఎక్కువ బెదురుతాయి.

సన్నజాజి:
అది యజమానుల మాటే, ఒప్పుకుంటాను. కానీ మీరు తలుపు మూయమన్నారు. దానికి మాత్రం ఒప్పుకోను. బెదిరిన కుక్కను చిన్న గదిలో బంధిస్తే గోళ్లు ఊడేలా తలుపు గీకుతుంది.

పాతకాపు:
తలుపు తెరిచి ఉంచితే వీధిలోకి పరిగెత్తిందని రేపు ఇక్కడే వచ్చి రాస్తారు!

సన్నజాజి:
వీధి తలుపు, కిటికీలు మూయాల్సిందే. నేను అంటున్నది లోపలి గది తలుపు గురించి.

పాతకాపు:
ఏ తలుపైనా తలుపే. పుస్తకాలు చదివి వచ్చి, చేతులతో పెంచినవాళ్లకు పాఠాలు చెప్పకండి.

మూడోమెట్టు:
తలుపు సంగతి సరే, మందుల గురించి ఎవరూ మాట్లాడరేమిటి?

పాతకాపు:
మందు మాట ఎత్తకండి. ఎనిమిదేళ్ల క్రితం మా కుక్కకు ఒక డాక్టరు ఎసిప్రోమజిన్ మాత్ర ఇచ్చారు. వేసిన గంటకు చాప మీద ఒరిగిపోయింది. నిద్రపోయిందనుకుని పక్క గదిలోకి వెళ్లాను. తిరిగి వచ్చి చూస్తే కళ్లు తెరిచే ఉన్నాయి. కంటి మూల నుంచి లోపలి రెప్ప సగం దాకా జరిగి ఉంది. ఒక్కో మోతకు కాళ్ల వేళ్లు మాత్రం కదిలాయి. లేవలేదు, అరవలేదు. తరువాత మూడు రోజులు నన్ను దగ్గరకు రానివ్వలేదు. అప్పటి నుంచి దేన్నీ నమ్మడం మానేశాను. అలా వదిలేయడమే నయం.

సన్నజాజి:
ఆ మాట చదివి కళ్లు చెమర్చాయి. ఎసిప్రోమజిన్ ఒళ్లు కదలనివ్వదు, భయాన్ని తీయదు. పైగా శబ్దాలకు ఇంకా ఉలిక్కిపడేలా చేయవచ్చు. అందుకే ఇప్పుడు ఈ భయానికి దాన్నొక్కదాన్నే ఇవ్వవద్దంటారు. భయాన్నే తగ్గించే మందులు వేరే ఉన్నాయి. అమెరికాలో డెక్స్‌మెడెటొమిడిన్ జెల్‌కు 2015లోనే అనుమతి వచ్చింది, చెంపకూ చిగురుకూ మధ్య రాస్తారు. డాక్టరు చూసి ఇవ్వాల్సిందే, మనంతట మనం వేయకూడదు.

కానీ పాతకాపు గారూ, ఆ రాత్రి మీ కుక్క కదలకుండా పడి ఉంది, మీరు నెమ్మదించిందనుకున్నారు. మూసిన తలుపు వెనక చప్పుడు ఆగిపోయినా అలాగే అనుకుంటున్నారు. మనకు పేచీ ఇక్కడే. ఊరుకున్న కుక్కకు భయం పోయినట్టేనా?

పాతకాపు:
అది అడగాల్సిన మాటే.
నేను తలుపు మూసిన కుక్కల్లో ఎన్ని అలా పడి ఉన్నాయో చూడలేదు. తెల్లారి తోక ఊపితే చాలనుకున్నాను. అయినా అతిగా బుజ్జగించడం మంచిదని మాత్రం ఒప్పుకోను. మనిషి గొంతులో వణుకు కుక్కకు తెలుస్తుంది. పక్కన కూర్చోండి, మీరు మాత్రం బెంబేలు పడకండి.

సన్నజాజి:
ఆ మాటతో పూర్తిగా ఏకీభవిస్తాను.

మూడోమెట్టు:
మోతల రికార్డింగు వినిపించి అలవాటు చేయవచ్చా?

సన్నజాజి:
చేయవచ్చు, కానీ ఇప్పుడు మొదలుపెట్టి మూడు వారాల్లో అయ్యేది కాదు. నెలలు పట్టవచ్చు. చెవి కదిపి ఊరుకునేంత చిన్నగా మొదలుపెట్టాలి. బెదిరితే ధ్వని తగ్గించాలి, పంతానికి పోయి పెంచకూడదు.

తొలిచినుకు:
అందరికీ కృతజ్ఞతలు. గురువారం డాక్టరు దగ్గరకు వెళుతున్నాం. ఏ మందు ఇచ్చినా పండుగల కంటే ముందు ఒక మామూలు రోజున వేసి, ఎలా ఉంటుందో చూస్తాం. ఈ సాయంత్రం దూరంగా ఒక టపాసు పేలింది. మబ్బు మళ్లీ బకెట్ వెనక్కే వెళ్లింది. వెంటనే ముక్క పెడితే వాసన చూసి వదిలేసింది. రెండో మోతకు నాలుకతో తాకింది. ఆ గది తలుపు మూసుకుపోకుండా సందులో నా చెప్పు అడ్డం పెట్టాను. ఇప్పుడు దాని మీద గడ్డం ఆనించి పడుకుని ఉంది. కళ్లు ఇంకా తెరిచే ఉన్నాయి, అందుకే ఇక్కడే కూర్చున్నాను.