పోర్చుగల్ నుంచి తెచ్చిన 16 టైల్స్‌ను ఇంట్లో ఎక్కడ అమర్చితే బాగుంటుంది?

నీలాంబరం:

అందరికీ నమస్కారం. గత అక్టోబరులో మేమిద్దరం, మా పదేళ్ళ అబ్బాయి కలిసి పోర్చుగల్‌లో పది రోజులు గడిపి వచ్చాం. లిస్బన్‌లో అల్ఫామా అనే పాత పేటలో, కారు కూడా పట్టని ఒక మెట్ల వీధిలో బస చేశాం. ఆ ఇంటి మెట్ల దారిలో నడుము ఎత్తు వరకు నీలం, పసుపు రంగుల టైల్స్ ఉండేవి, ఆ పైన వట్టి తెల్ల సున్నం. మూడో అంతస్తుకు ఎక్కుతున్నంతసేపూ మావాడు వాటి మీద వేలు జీరాడిస్తూ నడిచేవాడు. చేతితో రంగులు వేసినవి కాబట్టి గీతలు కొన్నిచోట్ల లావుగా, కొన్నిచోట్ల సన్నగా ఉంటాయి, పక్కపక్క టైల్స్ అంచులు కూడా సరిగ్గా కలవవు. చూసిన కొద్దీ చూడాలనిపించడానికి కారణం అదేనేమో.

పోర్టోలోని సావ్ బెంటు రైల్వేస్టేషన్‌లో అయితే మేము ఎక్కవలసిన బండి వెళ్ళిపోయినా మాకు తెలియలేదు. జోర్జ్ కొలాసు అనే చిత్రకారుడు దాదాపు 20,000 టైల్స్ మీద యుద్ధాలను, పెళ్ళి ఊరేగింపులను, పల్లె పనులను చిత్రించిన హాలు అది. లిస్బన్‌లోని టైల్స్ మ్యూజియం కూడా చూశాం. 1509లో లియనోర్ రాణి కట్టించిన కాన్వెంటులో ఉంది ఆ మ్యూజియం. 1755 భూకంపానికి ముందు లిస్బన్ నగరం నదివైపు నుంచి ఎలా కనిపించేదో చూపే 23 మీటర్ల పొడవైన టైల్స్ చిత్రం అక్కడ ఉంది.

వచ్చే ముందు రోజు ఒక చిన్న కార్ఖానాలో, పాతవి కాదు, పాత నమూనాలో కొత్తగా చేసిన 16 టైల్స్ కొన్నాను. ఒక్కోటి 14 సెంటీమీటర్ల చదరం. నాలుగు కలిస్తే ఒక పువ్వు పూర్తవుతుంది. బరువు అయిదు కిలోల దాకా తేలడంతో, వాటిని పిల్లవాడి స్వెట్టర్లలో చుట్టి చేతిసంచీలోనే తెచ్చుకున్నాం. అయినా వాటిలో ఒక టైల్ విరిగి రెండు ముక్కలైంది.

ఇప్పుడు అసలు సమస్యకు వస్తాను. కొంపల్లిలో మేము కొత్తగా కొన్న ఫ్లాటులో లోపలి పనులు జరుగుతున్నాయి. హాల్లో సోఫా వెనుక పదడుగుల గోడ మొత్తం ఇలాంటి టైల్స్‌తో నింపాలని నాకు కోరికగా ఉంది. నా దగ్గరున్నవి మధ్యలో పెట్టి, మిగతా గోడకు అదే డిజైను ముద్రించిన టైల్స్ వేయిస్తానని పని చూస్తున్నవారు అంటున్నారు. మా అత్తయ్యగారు ఒకే మాట అన్నారు: "హాలుకు టైల్స్ వేయిస్తే బాత్రూములో కూర్చున్నట్టు ఉంటుందమ్మా." అప్పటి నుంచి ఆ గోడ వైపు చూస్తే నాకూ అలాగే అనిపిస్తోంది. ఏం చేస్తే బాగుంటుందో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

సున్నపు గోడ:

నేను విశాఖలో ఇళ్ళకు ప్లాన్లు గీసే పనిలో 20 ఏళ్ళుగా ఉన్నాను. మీ అత్తయ్యగారి మాటను తోసిపుచ్చకండి, అందులో పెద్ద నిజమే ఉంది. మన ఇళ్ళలో గోడకు టైల్స్ అంటే నేల నుంచి పైకప్పు దాకా ఒకే మెరుపుతో, పైన తెల్లటి ఎల్‌ఈడీ వెలుగుతో ఉండేవే. ఆ మూడూ కలిస్తే ఎంత ఖరీదైన టైల్ అయినా బాత్రూమునే గుర్తుచేస్తుంది. మీరు చూసిన మెట్ల దారిలో ఆ మూడింటిలో ఒక్కటీ లేదు. టైల్స్ నడుము దగ్గరే ఆగిపోయాయి (దానినే మన మేస్త్రీలు డాడో అంటారు), పైన మెరుపు లేని సున్నం ఉంది, వెలుతురు పక్క కిటికీ నుంచి ఏటవాలుగా వచ్చింది. మీకు అక్కడ అందంగా కనిపించిన దానిలో సగం ఆ సున్నానిది, ఆ ఎండది.

కనుక గోడ మొత్తం వద్దు. ముద్రించిన టైల్స్ అసలే వద్దు. చేత్తో వేసిన వాటి పక్కన మిషను ముద్రించినవి పెడితే, వంకర లేని వాటి మధ్య మీవి తప్పుగా చేసినట్టు కనిపిస్తాయి. ముద్రించిన డిజైను ప్రతి టైల్ మీదా ఒకే మచ్చతో సహా తిరిగి వస్తుంది, వారం తిరగకముందే మీ కన్ను దానిని పట్టేస్తుంది.

ప్రయాణంలో చూసినదాన్ని ఇంటికి తెచ్చుకోవాలన్న ముచ్చట మీకొక్కరికే కలిగినది కాదు. పోర్చుగల్ రాజు మానుయెల్ స్పెయిన్‌లోని సెవిల్ టైల్స్‌ను చూసి ముచ్చటపడి, సింత్రాలోని తన భవనానికి తెప్పించుకున్నాడు. ఇళ్ళ బయటి గోడలకు టైల్స్ వేసే అలవాటు 19వ శతాబ్దంలో బ్రెజిల్ నుంచి డబ్బు సంపాదించుకుని తిరిగొచ్చినవాళ్ళ వల్ల అక్కడ పెరిగిందని చెబుతారు. ఆ లెక్కన వాళ్ళు కూడా మన ఎన్నారైల వంటివాళ్ళే.

ఆ దేశంలో నాకు బాగా నచ్చిన ఆచారం మరొకటి ఉంది. 18వ శతాబ్దపు పెద్ద ఇళ్ళలో ద్వారం దగ్గర, మెట్ల మలుపుల్లో, వచ్చే అతిథికి చెయ్యి చాపి స్వాగతం చెబుతున్నట్టు నిలువెత్తు మనిషి బొమ్మను టైల్స్‌తో అమర్చేవారు. గుడి వాకిట్లో మన ద్వారపాలకులు గద పట్టుకుని నిలబడితే, వీళ్ళు టోపీ తీసి వంగి నిలబడతారు. ఇంటికి వచ్చినవారు మొదట అడుగుపెట్టే చోట టైల్స్‌కు ఒక మర్యాద ఉంది అని మాత్రం దీని వల్ల అర్థమవుతుంది. మీ ఫ్లాటులో తలుపు తీయగానే హాలు దాకా సన్నటి నడవ ఉంటే నేనైతే అక్కడ పెడతాను. పైన పసుపుఛాయ వెలుగు, అంటే 2700 నుంచి 3000 కెల్విన్ మధ్య ఉండే బల్బు పెట్టించండి. 6500 కెల్విన్ తెల్లటి వెలుగులో ఆ పసుపు రంగు పాలిపోతుంది.

గోదారి గట్టు:

నేను ఒక తప్పు చేసి చెబుతున్నాను, మీరు చేయకండి. ఏడేళ్ళ క్రితం ఇటలీలోని సిసిలీకి వెళ్ళినప్పుడు కల్తాజిరోనె ఊళ్ళో 142 మెట్లు చూశాను. 1606 నాటి ఆ మెట్ల నిలువు ముఖాలకు 1954లో టైల్స్ అమర్చారు, మెట్టు మెట్టుకు ఒక్కో నమూనా. అది చూసిన మోజులో రాజమండ్రిలో మా పాత ఇంటి వరండా గోడకు, ఆ ఊరి నుంచి తెచ్చిన ముప్ఫై టైల్స్‌ను తడి సిమెంటుతో నేరుగా అతికించేశాను. అది నేల చెమ్మ పీల్చే గోడ. రెండు వానాకాలాలు గడిచేసరికి టైల్ వెనుక నుంచి ఉప్పు పొంగి, పైపూత పొరలు పొరలుగా లేచిపోయింది. వేలితో తాకితే రంగు నలుసులుగా రాలేది. ఊడదీయబోతే పదకొండు విరిగాయి.

ఈ టైల్స్ మన నేలకు వేసే విట్రిఫైడ్ టైల్స్ లాంటివి కావు. తక్కువ వేడిలో కాల్చిన మెత్తటి మట్టి మీద తగరం కలిపిన తెల్లటి పూత ఉంటుంది. మట్టి వైపు నీటిని స్పాంజిలా పీలుస్తుంది. ఒక టైల్‌ను తిరగేసి నాలుగు చుక్కల నీళ్ళు వేసి చూడండి, ఎంత వేగంగా ఇంకిపోతాయో తెలుస్తుంది. అందువల్ల ఇవి గోడకే పనికివస్తాయి కాని నేలకు పనికిరావు, ఆ గోడ కూడా పొడిగా ఉండాలి.

ఇంకా ముఖ్యమైన మాట ఏమిటంటే, వాటిని గోడకు అతికించనే వద్దు. 12 మిల్లీమీటర్ల వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్ పలక మీద సిలికాన్ బొట్లతో నిలిపి, చుట్టూ సన్నటి టేకు పట్టీ కొట్టించి, ఆ పలకను స్క్రూలతో గోడకు బిగించండి. రేపు ఇల్లు మారినా మీతో పాటే వస్తాయి. సందులు ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించకుండా, ఇసుక లేని గ్రౌట్‌తో నింపమని మేస్త్రీకి చెప్పండి. ఇసుక ఉన్న గ్రౌట్‌ను గుడ్డతో తుడిచేటప్పుడే మెరుపు మీద గీతలు పడతాయి. మా మేస్త్రీ ఎంత మంచివాడో అంత గట్టిగా తుడిచాడు.

కాలువ ఒడ్డు:

నేను నెదర్లాండ్స్‌లో ఉంటున్నాను. ఇక్కడ నీలం తెలుపు టైల్స్ అనగానే డెల్ఫ్ట్ ఊరి పేరే చెబుతారు. అక్కడ 1653లో మొదలైన ఒక కార్ఖానా ఇప్పటికీ నడుస్తోంది. పాత డచ్చి టైల్ సుమారు 13 సెంటీమీటర్లు ఉంటుంది. మధ్యలో ఒక చిన్న బొమ్మ, ఒక పడవో, బొంగరం తిప్పే పిల్లవాడో కనిపిస్తాడు. నాలుగు మూలల్లో ఎద్దు తల అనో, సాలీడు అనో పిలిచే చిన్న గుర్తులు ఉంటాయి. ఈ టైల్స్‌ను ఇక్కడి ఇళ్ళలో గోడ అడుగున, నేలకు ఆనుకుని ఒకే ఒక్క వరుసగా వేసేవారు. నేల కడిగేటప్పుడు తడి చీపురు తగిలి గోడ సున్నం పాడవకుండా ఉండడానికట! అంటే మన ఇళ్ళలో స్కర్టింగ్ చేసే పనే. అలంకారం ఆ తరువాత వచ్చి చేరింది. ఈ సంగతి తెలిశాక మా ఇంట్లో వంటగట్టు వెనుక ఒక్క వరుసే పెట్టుకున్నాను. ఎనిమిది టైల్స్ మాత్రమే అయినా, వచ్చినవారంతా ముందు అక్కడికే వెళ్ళి వంగి చూస్తారు.

ఈ చర్చ చదివి ముందుముందు టైల్స్ కొనబోయేవారికి ఒక్క మాట. లిస్బన్ సంతల్లో పాత టైల్స్ విడివిడిగా అమ్ముతుంటే కొనకండి. వాటిలో కొన్ని ఇళ్ళ గోడల నుంచి దొంగిలించి పెకలించినవి. ఆ దొంగతనాలు ఆపడానికి అక్కడి పోలీసు శాఖ మ్యూజియం ప్రత్యేకంగా ఒక కార్యక్రమమే నడుపుతోంది. నీలాంబరం గారు కొత్తవి కొనడం అన్ని విధాలా మంచిదైంది.

పురానాపూల్:

కొంపల్లి నుంచి గంట దూరంలో ఉన్నదాన్ని ఎవరూ ప్రస్తావించలేదు కాబట్టి నేను చెబుతున్నాను. హైదరాబాద్ పాతబస్తీలోని బాద్‌షాహీ ఆషుర్ఖానా గోడల మీద కుతుబ్‌షాహీల నాటి ఇరానీ పద్ధతి రంగు టైల్స్ పని ఉంది. 1908 మూసీ వరదలో కొంత దెబ్బతిన్నా మిగిలినది ఇప్పటికీ మెరుస్తోంది. పోర్చుగీసువాళ్ళు తమ టైల్‌ను పిలిచే అజులేజు అనే పేరు కూడా, నున్నటి రాయి అనే అర్థంలో అరబ్బీ నుంచి వచ్చినదే. మీరు సావ్ బెంటులో చూసిన కొలాసు గీసిన టైల్స్ మళ్ళీ చూడాలంటే పోర్చుగల్ దాకా వెళ్ళనక్కరలేదు, గోవాలో పణజి నగరంలోని మెనెజెస్ బ్రగాంజా సంస్థ ప్రవేశ మందిరంలో ఉన్నాయి.

నీలాంబరం:

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. సోఫా వెనుక గోడ ఆలోచన మానుకున్నాను, దానికి మెరుపు లేని తెల్ల రంగు వేయిస్తున్నాం. టైల్స్‌ను తలుపు పక్కనున్న నడవలో ప్లైవుడ్ పలక మీద పెట్టిస్తున్నాను. రెండు వరుసల్లో నాలుగు పువ్వులు పక్కపక్కన పెడితే 112 సెంటీమీటర్లు, అంటే మూడడుగుల ఎనిమిది అంగుళాలు వస్తుంది. ఎత్తు ఎంత ఉండాలో మా అబ్బాయే నిర్ణయించాడు. బడి సంచీ భుజానికి వేసుకుని తలుపు నుంచి హాలు దాకా మామూలుగా నడిచి, చెయ్యి ఎక్కడ తగులుతుందో అక్కడ పెన్సిలుతో గుర్తు పెట్టాడు.

పగిలిన టైల్ స్థానంలో వట్టి తెల్ల టైల్ పెడదామనుకున్నాం. లిస్బన్‌లో పాత గోడల మీద రాలిపోయిన చోట సంబంధం లేని వేరే నమూనా అతికించి ఉండడం చాలాచోట్ల చూశాను, అది చూడడానికి చెడ్డగా అనిపించలేదు. మా అత్తయ్యగారు మాత్రం, వాకిట్లో ఖాళీ గడి ఏమిటి, చుక్కల ముగ్గు వేయించమంటున్నారు. ఆమే వేస్తానన్నారు కూడా. మెరుపు పూత ఉన్న టైల్ మీద ఏ రంగు నిలుస్తుందో చెప్పగలరా?

సున్నపు గోడ:

మామూలు పెయింటు నిలవదు, తడి గుడ్డ తగిలితే లేచిపోతుంది. సిరామిక్ మీద వేసే రంగులని బొమ్మల సామగ్రి దుకాణాల్లో చిన్న సీసాల్లో దొరుకుతాయి. వేసి ఒక రోజంతా ఆరనిచ్చి, ఇంట్లో కేకులు చేసుకునే ఓవెన్‌లోనే సుమారు 150 డిగ్రీల వేడిలో అరగంటకు పైగా ఉంచాలి. కచ్చితమైన సమయం సీసా మీద రాసి ఉంటుంది. ఓవెన్ చల్లగా ఉన్నప్పుడే టైల్‌ను లోపల పెట్టి తరువాత వేడి చేయాలి, ఆపేశాక లోపలే చల్లారనివ్వాలి, లేకపోతే మీ దగ్గర రెండో పగిలిన టైల్ తయారవుతుంది.

అత్తయ్యగారికి కొలతలు సరిగా రావాలంటే ముగ్గును ముందుగా కాగితం మీద వేసి, గీతల వెంట సూదితో గుచ్చి, ఆ కాగితాన్ని టైల్ మీద పరిచి బొగ్గుపొడి మూటతో అద్దండి, చుక్కలు దిగుతాయి. పోర్చుగల్ కార్ఖానాల్లో నమూనా దించేది ఇలాగే, మన మగ్గం వర్కు చేసేవాళ్ళు జాకెట్టు గుడ్డ మీద డిజైను దించేదీ ఇలాగే. మీ వీధి చివర మగ్గం వర్కు దుకాణం ఉంటే, ఆ కాగితం వాళ్ళ చేతే గుచ్చించండి, అయిదు నిమిషాల పని.